నీళ్లు, చెట్టు, నిమ్మళం



ఈ పూట మిమ్మల్నందరినీ ఒక ప్రయాణానికి పిలవాలని వచ్చాను. రెండు రోజుల ప్రయాణం. ఒక శనివారం, ఒక ఆదివారం. శనివారం తెల్లవారగానే మన కలకడలో బయలుదేరితే ఆదివారం రాత్రికి మళ్లీ ఇల్లు చేరొచ్చు. వెళ్లేది నేలపట్టుకు, పులికాట్‌కు. రెండూ సూళ్లూరుపేట చుట్టుపక్కలవే. నేలపట్టు ఒక ఊరి చెరువు. అక్కడ గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పులికాట్ సముద్రాన్ని ఆనుకున్న పెద్ద సరస్సు. అక్కడ రాజహంసలు, అంటే మనం పేపర్లో ఫ్లెమింగోలని చదివే గులాబి రంగు పక్షులు, లోతు లేని నీళ్లలో బారులు తీరి మేస్తుంటాయి.

బయలుదేరే ముందు మూడు మాటలు మనసులో పెట్టుకోండి. నీళ్లు. చెట్టు. నిమ్మళం. ఒక పక్షి ఒక తావుకు వచ్చి, గూడు కట్టి, పిల్లల్ని పెంచి, మళ్లీ ఏడు కూడా అక్కడికే రావాలంటే ఈ మూడూ ఉండాలి. మళ్లీ చెబుతాను. నీళ్లు, చెట్టు, నిమ్మళం. దారి పొడుగునా ఈ మూడింటినీ వెతుక్కుంటూ పోదాం.

ముందుగా, ఎప్పుడు వెళ్లాలి?

మన పక్క చెరువులు నిండే కాలం ఏదో, వెళ్లే కాలమూ అదే. మీకు తెలిసిందే. కలకడ, పీలేరు, మదనపల్లె ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం మీద నుంచి వచ్చే వానల కోసం ఎంతగా కాచుకుని ఉంటామో. వాయుగుండం పడిందని రేడియోలో వినగానే ఒకరు తోటలోని టమోటా గురించి దిగులు పడతారు. ఇంకొకరు చెరువు మరవ పారుతుందా అని ఆశ పడతారు. ఆ వాన కోసమే నేలపట్టులో గూడబాతు కూడా కనిపెట్టుకుని ఉంటుంది. చెరువు నిండితే గూడు కడుతుంది. నిండకపోతే ఇంకో తావు వెతుక్కుంటుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడ గూళ్ల కాలం. డిసెంబరులోనో జనవరిలోనో వెళ్లారంటే గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి. పులికాట్‌లో రాజహంసలూ ఆ రోజుల్లోనే ఎక్కువ.

ఇక దారి.

కలకడ నుంచి పీలేరుకు వెళ్లాలి. అక్కడ మదనపల్లె నుంచి వచ్చే జాతీయ రహదారి కలుస్తుంది. 71వ నంబరు రోడ్డు. దాన్ని పట్టుకుంటే చాలు. భాకరాపేట ఘాటు దిగి, చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి దాటించి నేరుగా నాయుడుపేటకు తీసుకుపోతుంది. మదనపల్లె వాళ్లకూ, పుంగనూరు వాళ్లకూ ఇదే దారి. కుప్పం వాళ్లు చిత్తూరు మీదుగా వచ్చి తిరుపతిలో కలవొచ్చు. నాయుడుపేట దగ్గర చెన్నై వైపు వెళ్లే పెద్ద రహదారి ఎక్కితే, సూళ్లూరుపేట రాకముందే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు వస్తుంది. రహదారి నుంచి కొద్ది దూరమే.

భాకరాపేట ఘాటులో బస్సు కిటికీ తెరిచి ఉంచుకోండి. అది శేషాచలం అడవి. ఎర్రచందనం తనంతట తాను పెరిగేది ఈ ప్రపంచంలో ఈ తూర్పు కనుమల కొండల్లోనే. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మనం తిరుపతికి ఎన్నిసార్లో పోయుంటాం. ఆ మలుపుల్లో నిద్రపోయుంటాం. ఈసారి మాత్రం పిల్లల్ని నిద్ర లేపి చూపించండి.

నేలపట్టుకు మధ్యాహ్నానికి చేరతాం. ఎండ కాస్త వాలనివ్వండి. మూడు, నాలుగు గంటల వేళ చెరువు కట్ట ఎక్కండి.

1976లో ఈ తావును పక్షుల రక్షణ కేంద్రంగా ప్రకటించారు. అంతా కలిపి 458 హెక్టార్లు, అంటే వెయ్యి ఎకరాల పైన. కానీ ఆ వెయ్యి ఎకరాల ప్రాణం ఈ చెరువులోనే ఉంది.

కట్ట మీద నిలబడగానే ముందుగా చెట్లు కనిపిస్తాయి. గట్టున పెరిగిన చెట్లు కావు. నీళ్ల మధ్యలో, మొదలు మునిగి, కొమ్మలు మాత్రం పైకి పరుచుకుని నిలబడిన చెట్లు. అక్కడివాళ్లు వీటిని కడప చెట్లంటారు. మామూలు చెట్టు ఎక్కువ కాలం నీళ్లలో నిలబడితే వేరు కుళ్లి చచ్చిపోతుంది. ఇవి నెలల తరబడి మునిగి ఉన్నా చావవు. ఆ కొమ్మలు తెల్లగా కనిపిస్తాయి. పక్షుల రెట్టలతో తెల్లబడ్డాయి. కాసేపు చూస్తూ ఉంటే ఆ తెలుపులో కొంత భాగం కదులుతుంది. అప్పుడు తెలుస్తుంది, చెట్టు నిండా పక్షులే ఉన్నాయని.

తర్వాత చప్పుడు వినిపిస్తుంది. వందల గూళ్లలో పిల్లలు ఒకేసారి ఆకలితో అరుస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేపల వాసన, రెట్టల వాసన కూడా వస్తుంది. ముక్కు మూసుకోకండి. ఆ వాసన గురించి కాసేపట్లో ఒక మంచి మాట చెబుతాను.

గూడబాతు పెద్ద పక్షి. రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు ఏడెనిమిది అడుగులు. బూడిద కలిసిన తెలుపు రంగు. పొడవాటి ముక్కు. ఆ ముక్కు అంచు మీద నల్లటి మచ్చలు వరసగా ఉంటాయి. ముక్కు కింద వదులుగా వేలాడే సంచి. ఆ సంచిలో చేపలు దాచుకుని తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. దాచుకోదు. నీళ్లలో ముక్కు ముంచి, నీళ్లూ చేపా కలిపి సంచి నిండా తోడుతుంది. ముక్కు వంచి నీళ్లు వదిలేస్తుంది. మిగిలిన చేపను మింగేస్తుంది. గూటికి తిరిగి వచ్చాక, మింగిన చేపను మళ్లీ నోట్లోకి తెచ్చి పిల్లకు పెడుతుంది. పిల్ల తన తలంతా తల్లి నోట్లోకి దూర్చి తింటుంది. మొదటిసారి చూసినవాళ్లకు, అయ్యో, తల్లే పిల్లను మింగేస్తోందే అనిపిస్తుంది. కంగారు పడకండి. పిల్లకు తిండి పెడుతోంది. తల్లి ఒక్కతే కాదు, తండ్రి కూడా అలాగే పెడుతుంది. ఒకటి గూటి దగ్గర కావలి ఉంటే ఇంకొకటి చేపలకు పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. గుర్తు పెట్టుకోదగ్గ లెక్క. గుడ్డు పొదగడానికి సుమారు ఒక నెల. పిల్ల రెక్క ముదిరి ఎగరడానికి మరో మూడు, నాలుగు నెలలు. అంటే గూడు కట్టింది మొదలు దాదాపు ఐదు నెలలు ఆ చెట్టు కింద నీళ్లు నిలిచి ఉండాలి.

నీళ్లెందుకు? తాగడానికీ, చేపకూ మాత్రమే కాదు. చెట్టు కింద నీళ్లుంటే నక్క రాదు. అడవి పిల్లి రాదు. మనిషి కూడా తేలిగ్గా రాలేడు. ఆ గూటికి నీళ్లే కావలి. నవంబరులో గూడు కట్టి, జనవరికే చెరువు ఎండిపోతే, రెక్క రాని పిల్లలకు కావలి పోయినట్టే. అందుకే ఆ మూడు మాటలు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయంటాను. నీళ్లలో చెట్టు ఉంటే నిమ్మళం దానంతట అది వస్తుంది. నీళ్లు పోతే చెట్టు ఉన్నా నిమ్మళం ఉండదు.

ఈ గూడబాతు ప్రపంచమంతా ఉండే పక్షి కాదు. అది గూళ్లు కట్టేది ముఖ్యంగా మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో. మన దేశంలోనూ దక్షిణాదిలోనే ఎక్కువ. అంటే ఈ పక్షి బతుకు చాలావరకు మన చెరువుల చేతిలో ఉంది.

గూడబాతుల మధ్యలోనే వేరే పక్షులూ సర్దుకుని ఉంటాయి. నీటికాకి చేప కోసం మునిగి లేచి, కొమ్మ మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంది. తెల్లకంకణాయి తన వంకర ముక్కుతో బురదను కెలుకుతుంది. నత్తగుల్ల కొంగను ప్రత్యేకంగా చూడండి. అది ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తూనే ఉంటుంది. ఆ ముక్కుతో నత్తను పట్టి, గుల్లలోని మాంసాన్ని లాగి తినేస్తుంది. వరి మళ్లలో నత్తల బెడద తెలిసిన రైతుకు ఈ కొంగ చేసే మేలు వేరే చెప్పనక్కర్లేదు.

ఇందాక వాసన గురించి ఒక మంచి మాట చెబుతానన్నాను. ఆ రెట్టలన్నీ చెరువు నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లు తూము గుండా కాలువలోకి, కాలువ నుంచి మళ్లలోకి పోతాయి. నీళ్లతో పాటే ఎరువు. చెరువు కింద సేద్యం చేసేవాళ్లు ఈ మేలును ఏనాడో కనిపెట్టారు. అందుకే పక్షులు దండిగా వచ్చిన ఏడు పంట దండిగా ఉంటుందని నమ్ముతారు. ఊరు పక్షిని కాపాడుతుంది. పక్షి ఊరి మడికి సత్తువ ఇస్తుంది.

ఈ తెలివి కొత్తది కాదు. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ అని ఒక చెరువుంది. అది కూడా పక్షుల చెరువే. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో సైనికులు తుపాకులు పట్టుకొచ్చి ఆ చెరువులో పక్షుల్ని కాల్చేవాళ్లు. ఊరి రైతులు ఊరుకోలేదు. కలెక్టరు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు. మా చెరువులో పక్షుల్ని కాల్చొద్దు, వాటి వల్లే మా పైరు బాగుంటోంది అని చెప్పుకున్నారు. 1798లో లయొనెల్ ప్లేస్ అనే ఆ కలెక్టరు, ఆ చెరువులో పక్షుల్ని కాపాడుకునే హక్కు ఊరివాళ్లకు రాసి ఇచ్చాడు.

ఒక్కసారి ఆలోచించండి. మన దేశంలో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది 1972లో. అంతకు 170 ఏళ్లకు పైగా ముందే, మనలాంటి చెరువు కింది రైతులు అడిగి ఒక కాగితం రాయించుకున్నారు. నీళ్లు వాళ్లకు ఉన్నాయి. చెట్లు ఉన్నాయి. వాళ్లు అడిగింది మూడోది. నిమ్మళం.

పొద్దు వాలే వేళ దాకా కట్ట మీదే ఉండండి. మేతకు పోయిన పక్షులన్నీ గూళ్లకు చేరే సమయం అది. తర్వాత సూళ్లూరుపేటకు పోదాం. రాత్రి బస అక్కడే. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. ఆ గుడికి తలుపులు మూసే ఆనవాయితీ లేదు. దండం పెట్టుకుని, తొందరగా భోంచేసి పడుకోండి. రేపు పొద్దు పొడవక ముందే లేవాలి.

ఆదివారం పొద్దున పులికాట్.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలో నుంచి పోతుంది. రెండు పక్కలా నీళ్లు. రోడ్డు చివర మన రాకెట్ కేంద్రం. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. గేటు లోపలికి అనుమతి ఉన్నవాళ్లనే పంపిస్తారు. మనకు అంత దూరం పోవాల్సిన పని లేదు. పక్షులు రోడ్డు పక్కనే ఉంటాయి.

ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో ఉంది. దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సముద్రానికీ సరస్సుకూ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా ఉంది. ఉప్పునీటి సరస్సు అన్నాను కానీ ఆ ఉప్పు ఏడాదంతా ఒక్క తీరుగా ఉండదు. వానాకాలంలో కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. అప్పుడు ఉప్పు తగ్గుతుంది. సముద్రపు పోటు ముఖద్వారాల గుండా ఉప్పునీళ్లు తెస్తుంది. ఎండాకాలంలో నీళ్లు ఆవిరైపోయే కొద్దీ ఉప్పు పెరుగుతుంది. మంచినీళ్లు ఒక పక్క, ఉప్పునీళ్లు ఒక పక్క కలిసే ఈ తావులోనే రొయ్య పిల్ల, చేప పిల్ల బాగా పెరుగుతాయి. వాటి కోసం జాలర్లున్నారు. వాటి కోసమే పక్షులూ వస్తాయి.

ఇక రాజహంసలు. దూరం నుంచి చూస్తే నీళ్ల మీద ఒక గులాబి గీత గీసి ఉంటుంది. దగ్గరికి వచ్చే కొద్దీ ఆ గీత విడివిడి పక్షులవుతుంది. నిలబడితే నాలుగు అడుగులు, కొన్ని ఐదు అడుగుల ఎత్తు. సన్నటి పొడుగు కాళ్లు. అంత పొడుగు మెడ. సరస్సు చాలా చోట్ల లోతు లేనిది కాబట్టి ఆ కాళ్లతో ఎంత దూరమైనా నడుచుకుంటూ మేస్తాయి.

అవి తినే పద్ధతి చూడండి. మెడ కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీళ్లలో పెడతాయి. నాలుకను ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నీళ్లు పీల్చి వదులుతాయి. ముక్కు లోపలి అంచుల్లో సన్నని పీచులాంటి అమరిక ఉంది. అది జల్లెడ పని చేస్తుంది. నీళ్లు బయటికి పోతాయి. నాచు, సన్నసన్నటి రొయ్య జాతి ప్రాణులు లోపల నిలుస్తాయి. ఆ తిండిలోనే ఎర్రటి పదార్థం ఉంది. అదే ఈకల్లోకి ఎక్కి గులాబి రంగు అవుతుంది. రాజహంస పిల్ల పుట్టినప్పుడు గులాబి రంగులో ఉండదు. బూడిద రంగులో ఉంటుంది. ఆ రంగు తేలడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. తిండి సరిగా దొరకకపోతే పెద్ద పక్షి రంగు కూడా వెలిసిపోతుంది. కాబట్టి పిల్లలు అడిగితే ఇలా చెప్పండి. ఆ పక్షి తిన్నది ఏమిటో దాని ఈకల మీదే కనబడుతోంది, నాయనా. నీళ్లు బాగుంటేనే ఆ రంగు.

ఈ రాజహంసలు ఇక్కడికి మేతకు వస్తాయి. మన దేశంలో వాటి పెద్ద గూళ్ల తావు గుజరాత్‌లో ఉంది. రాన్ ఆఫ్ కచ్ అనే ఉప్పు నేలల్లో మట్టితో గూళ్లు కడతాయి.

నిన్న సాయంత్రం నేలపట్టులో చూసిన గూడబాతులు గుర్తున్నాయా? వాటిలో చాలా పక్షులు పొద్దున్నే చేపల కోసం ఈ పులికాట్‌కే వస్తాయి. గూడు అక్కడ, తిండి ఇక్కడ. పిల్ల నేలపట్టులో అరుస్తుంటే దాని ఆకలి తీర్చే చేప పులికాట్‌లో ఈదుతుంటుంది. ఈ సంగతి తెలియాలనే రెండూ కలిపి చూడమంటున్నాను. ఒక్క చెరువుకు కంచె వేసి కాపాడితే సరిపోదు. చెరువు నిండి సరస్సు ఎండిపోయినా, సరస్సు నిండి చెరువు ఎండిపోయినా ఆ పిల్ల బతకదు.

పులికాట్‌కు ఇప్పుడు కష్టం ఉంది. దాన్ని కూడా చెప్పుకోవాలి. సముద్రపు నీళ్లు వచ్చి పోయే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. వాకాడు వైపు రాయదొరువు దగ్గర పూడిక తీయమని జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. నీటి రాకపోకలు తగ్గితే సరస్సు తొందరగా ఎండుతుంది. ఎండాకాలంలో ఉత్తర భాగంలో నీళ్లు పోయి నేల బయటపడుతుంది. చేప పోతే జాలరి ఇంట్లో పొయ్యి వెలగదు. పక్షికి తిండి దొరకదు. మనలో కొందరు పక్షుల మేలు వేరు, జనం మేలు వేరు అనుకుంటారు. పులికాట్ ఒడ్డున నిలబడితే ఆ మాట అనలేం. అక్కడ జాలరి అడిగేదీ, రాజహంసకు కావాల్సిందీ ఒక్కటే. నీళ్లు.

ఈ పక్షుల కోసం సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతున్నారు. కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పిల్లలకు సందడి కావాలంటే పండుగ రోజుల్లో వెళ్లండి. పక్షుల్ని నిదానంగా చూడాలంటే ఆ రోజులు వదిలేసి వేరే శని, ఆదివారాలు పెట్టుకోండి.

శ్రోతలారా, నీళ్ల గురించి చెప్పాను. చెట్టు గురించి చెప్పాను. ఇప్పుడు మూడో మాట. నిమ్మళం. ఇది మన గురించిన మాట.

రోడ్డు పక్కన రాజహంసల గుంపు మేస్తోంది. ఒక కారు ఆగింది. నలుగురు దిగారు. రెక్కలు విప్పితే లోపలి ఎరుపు బాగా కనబడుతుందని, ఫొటోకు బాగుంటుందని, ఒకాయన గట్టిగా చప్పట్లు కొట్టాడు. గుంపంతా లేచింది. అందంగానే ఉంటుంది. కాదనను. కానీ ఆ పక్షులు మేత ఆపేశాయి. బరువైన ఒళ్లు ఎత్తుకుని ఎగరడానికి, పొద్దున్నుంచీ తిన్న బలం ఖర్చు పెట్టాయి. ఇంకో చోట దిగాయి. అక్కడ ఇంకో కారు ఆగింది. ఆదివారం ఆ రోడ్డు మీద ఎన్ని కార్లు ఆగుతాయో ఆలోచించండి. అలా రోజంతా లేపుతూ ఉంటే ఆ పక్షి తినేది ఎప్పుడు?

గూళ్ల దగ్గరైతే ఇంకా కష్టం. తల్లి బెదిరి లేచిందంటే గుడ్డుకు ఎండ తగులుతుంది. కాకులు ఆ సందు కోసమే కాచుకుని ఉంటాయి. మనం పోయాక తల్లి తిరిగి వస్తుంది. గుడ్డు ఉండకపోవచ్చు.

అందుకని నా మనవి ఇది. కట్ట మీద మెల్లగా మాట్లాడండి. రోడ్డు మీద హారన్ కొట్టకండి. ఆకు రంగువో, మట్టి రంగువో బట్టలు వేసుకోండి. దగ్గరికి పోవాలనిపిస్తే పోకండి. అడిగి అయినా ఒక బైనాక్యులర్ తెచ్చుకోండి. సద్ది కట్టుకుని పోండి, కానీ ఆ కవర్లు, సీసాలు మీ సంచిలోనే వెనక్కి తేండి. డ్రోన్ ఎగరేస్తామని ఎవరైనా అంటే వద్దని గట్టిగా చెప్పండి. పది నిమిషాలు కదలకుండా కూర్చుని చూడండి. కదలనివాడి దగ్గరికి పక్షే వస్తుంది.

మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. రాత్రికి ఇల్లు. కానీ నేను చెప్పాలనుకున్నది ఇంటికి వచ్చాకే మొదలవుతుంది.

మన పక్క కూడా చెరువులున్నాయి కదా. కలకడ చుట్టూ ప్రతి పల్లెకూ ఒక కట్ట, ఒక తూము, ఒక మరవ. చెరువు లోపల తుమ్మ చెట్లు. వాన బాగా పడిన ఏడు ఆ తుమ్మల మీద కొంగలు గూళ్లు కడతాయి. నీళ్లలో నీటికాకులు మునుగుతాయి. మనం టమోటా గంపలు ఎత్తుకుని ఆ కట్ట మీదే పోతుంటాం. ఆగి చూడం.

పక్షులు ఎక్కడో సైబీరియా నుంచి రావాలి, మన ఊళ్లో ఏముంది అనుకుంటాం. వీరాపురం అని ఒక ఊరుంది. హిందూపురం దగ్గర, చిలమత్తూరు మండలంలో. అక్కడ ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యలో, ఇళ్ల మీదికి వాలిన చింతచెట్లలో గూళ్లు కడతాయి. చాలామంది వాటిని సైబీరియా కొంగలంటారు. అవి సైబీరియావి కావు. మన దేశపు పక్షులే. ఊరి జనం రాళ్లు వేయరు, చెట్టు కొట్టరు. ఆ కొంగలు రావడమే ఊరికి మంచిదనుకుంటారు. కరువు నేల అది. నీళ్లు తక్కువ. అయినా ఆ కొంగలు మనుషుల నట్టింటికి వచ్చాయంటే వాటికి అక్కడ దొరికింది నిమ్మళం.

తమిళనాడులో శివగంగ పక్క కొల్లుకుడిపట్టి అని ఒక పల్లె ఉంది. అక్కడి చెరువుల్లో పక్షులు గూళ్లు కట్టే కాలంలోనే దీపావళి వస్తుంది. ఆ ఊళ్లో టపాకాయలు కాల్చరు. పిల్లలు కూడా అడగరు. పక్షి పిల్లలు బెదురుతాయని.

అంత దూరం కూడా వద్దు. మదనపల్లె పక్కనే రిషివ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో పుట్టింది మదనపల్లెలో. ఆయన ఆలోచనతో వచ్చిన బడి అది. ఆ లోయలో బోడి గుట్టల మీద చెట్లు పెంచారు. వాన నీటిని పారిపోకుండా నిలిపారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 200 రకాలకు పైగా పక్షుల్ని అక్కడ చూశారు. ఆ చుట్టుపక్కల రాతి గుట్టల్లో, హార్సిలీ కొండల్లో, పసుపు గొంతు పికిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండని పిట్ట అది. మన గుట్టల్లో ఉంది.

అంటే మన నేలకు ఏమీ తక్కువ లేదు. నీళ్లు, చెట్టు, నిమ్మళం. ఈ మూడింటిలో నీళ్లు వాన ఇవ్వాలి. మనం కాలువ పూడిక తీసి, ఆక్రమణలు రాకుండా చూసి, వచ్చిన నీటిని నిలుపుకోగలం. అంతే. చెట్టుకు ఏళ్లు పడతాయి. ఇవాళ నాటితే మన పిల్లల నాటికి గూళ్లు కనబడతాయి. కానీ నిమ్మళం? దానికి వాన అక్కర్లేదు. ఏళ్లు అక్కర్లేదు. నిధులు మంజూరు కానక్కర్లేదు. మనం ఇవాళే ఇవ్వగలం.

ఎలా ఇస్తాం? గూళ్లున్న కాలంలో చెరువులోని తుమ్మ చెట్టు కొట్టకుండా ఆపితే ఇచ్చినట్టే. రాత్రిపూట వలలు కట్టి, మందు పెట్టి పక్షుల్ని పట్టేవాళ్లు ఊరికి వస్తే ఊరుకోకుండా అటవీ శాఖ వాళ్లకు చెబితే ఇచ్చినట్టే. అది చట్టం ప్రకారం నేరం కూడా. పిల్లవాడి చేతిలో ఉండేలు చూసి, నవ్వి వదిలేయకుండా, రా నాయనా, దాని గూడు చూద్దాం అని కట్ట మీదికి తీసుకుపోతే, అప్పుడు కూడా ఇచ్చినట్టే.

బడి పంతుళ్లకు ఒక ప్రత్యేక మనవి. ప్రతి జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటి పక్షుల్ని లెక్కపెడతారు. 1987 నుంచి ఇది జరుగుతోంది. పెద్ద సరస్సులే అక్కర్లేదు, ఊరి చెరువు కూడా ఆ లెక్కలోకి ఎక్కుతుంది. ఒక ఆదివారం పొద్దున మీ పిల్లల్ని మీ ఊరి చెరువు కట్ట మీదికి తీసుకుపోండి. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. ఎన్ని రకాలు, ఒక్కొక్కటి ఎన్ని. పేరు తెలియకపోతే రంగు రాయండి, ముక్కు ఆకారం గీయండి. ఏటా రాస్తూ పోండి. మీ చెరువు బాగుపడుతోందో, పాడవుతోందో ఆ పుస్తకమే ఊరికి చెబుతుంది. పంచాయతీకి అర్జీ పెట్టేటప్పుడు ఆ పుస్తకం కూడా తీసుకుపోవచ్చు.

కాబట్టి ఈ చలికాలంలో ఒక శని, ఆదివారం ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. పిల్లల్ని, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుని నేలపట్టుకు, పులికాట్‌కు వెళ్లి రండి. అక్కడ ఏం చూశారో, ఆ వచ్చే వారమే మీ ఊరి చెరువు దగ్గర వెతకండి. నీళ్లున్నాయా, చెట్టుందా, నిమ్మళం ఉందా అని అడగండి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే, అది ఇవ్వాల్సింది మనమే.